పెంపుడు జీవి బొమ్మ గీయించుకోవడం

పెంపుడు జీవి బొమ్మలో పోలిక కుదరాలంటే రెండు కావాలి: గీసేవారి చేయి, పెంచినవారి ఎరుక. చేయి ఎంత తిరిగినదైనా ఆ కుక్క కుడి చెవి కొస వంగి ఉంటుందని, ఆ పిల్లి గడ్డం కింద మాత్రమే తెల్లమచ్చ ఉందని, ఆ ఆవు మనిషిని చూస్తే తల కాస్త పక్కకు వాల్చుతుందని చిత్రకారుడికి తెలిసే దారి లేదు. ఇంటివాళ్లు చెబితేనే తెలుస్తుంది. బొమ్మ చేతికొచ్చాక ‘బాగుంది కానీ మావాడిలా లేదు’ అనిపించిందంటే, చాలాసార్లు లోపం కుంచెలో ఉండదు. అప్పగించేటప్పుడు చెప్పాల్సింది చెప్పకపోవడంలో ఉంటుంది. బొమ్మ చేయించుకునేవారు ముందుగా చేసిపెట్టుకోవలసిన పని ఏమిటో ఈ అధ్యాయం వరుసగా వివరిస్తుంది.

తిరుపతి–శ్రీకాళహస్తి దారిలో ఉన్న ఏర్పేడు చుట్టుపక్కల వారికి ఈ విషయంలో ఒక సదుపాయం ఉంది. ఒకపక్క శ్రీకాళహస్తిలో చేత్తో గీసే కలంకారీ ఇంకా బతికి ఉన్న వృత్తి. మరోపక్క తిరుపతిలో పెన్సిలు, రంగులతో బొమ్మలు వేసేవారు దొరుకుతారు. సాలెపురుగు, పాము, ఏనుగు పేర్లు మూడూ కలిసి ఊరిపేరైన చోటు శ్రీకాళహస్తి. జంతువును గౌరవంగా బొమ్మకట్టడం అక్కడి కళకు కొత్తేమీ కాదు.

ముందుగా తేల్చుకోవలసినవి

చిత్రకారుడి దగ్గరికి వెళ్లకముందే ఇంట్లో నాలుగు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది, బొమ్మ ఎందుకన్నది. ఇంట్లో తిరుగుతున్న జీవి బొమ్మకూ, పోయిన జీవి జ్ఞాపకంగా చేయించే బొమ్మకూ సిద్ధపాటు వేరు. ఎవరికైనా కానుకగా ఇవ్వాలనుకుంటే గడువు ముఖ్యమవుతుంది.

రెండోది, ఎక్కడ పెడతారన్నది. హాల్లో గోడకా, చదువుకునే బల్ల మీదికా అన్నదాన్ని బట్టి సైజు తేలుతుంది. తల, మెడ వరకైతే ఏ4 కాగితం (210 × 297 మిల్లీమీటర్లు) చాలు. నిలువెత్తు బొమ్మకు ఏ3 (297 × 420) మంచిది. రెండు మూడు జీవులు కలిసి ఉండాలంటే ఇంకా పెద్దది కావాలి. కన్ను బఠాణీ గింజ కన్నా చిన్నదయ్యే సైజులో ముఖకవళికలు పట్టడం ఎవరికైనా కష్టమే.

మూడోది, భంగిమ. ఎదురుగా చూస్తున్నట్టు గీస్తే కళ్లు బాగా పలుకుతాయి. కాస్త పక్కకు తిరిగినట్టు గీస్తే ముట్టె, చెవులు, మెడ తీరు తెలుస్తాయి. ఆ జీవిని తలుచుకోగానే ఇంటివాళ్లకు ఏ భంగిమ గుర్తుకొస్తుందో దాన్నే ఎంచుకోవాలి. ఎప్పుడూ గడపలో ముందుకాళ్ల మీద తల పెట్టుకుని పడుకునే కుక్కను నిటారుగా కూర్చోబెట్టి గీయిస్తే అది ఎవరి కుక్కో అనిపిస్తుంది.

నాలుగోది, వెనుక ఏముండాలన్నది. 18వ శతాబ్దంలో ఇంగ్లండు చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ ‘విజిల్‌జాకెట్’ అనే పందెపు గుర్రాన్ని నిలువెత్తున గీసి, వెనుక చెట్టు గానీ నేల గానీ వేయకుండా వదిలేశాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆ బొమ్మలో చూపు గుర్రం మీదినుంచి కదలదు. చాలా బొమ్మలకు ఇదే మంచి పద్ధతి. కానీ అన్నిటికీ పనికిరాదు. చిత్తూరు ప్రాంతపు సొత్తయిన పుంగనూరు ఆవునే తీసుకుంటే, దాని ప్రత్యేకత పొట్టిదనంలోనే ఉంది. సాధారణంగా మీటరు ఎత్తు కూడా ఉండదు. తెల్లకాగితం మీద ఒంటరిగా నిలబెట్టి గీస్తే ఆ పొట్టిదనం మాయమై అది మామూలు ఆవులా కనబడుతుంది. పక్కన ఒక పాలచెంబో, ఇంటి గడపో, దాని మూపు మీద ఆనించిన చెయ్యో ఉంటే చాలు, కొలత తెలిసిపోతుంది. చిన్న కుక్కపిల్లలకూ ఇదే సూత్రం.

దేనితో గీయించాలి

పెన్సిలు బొమ్మలో వెంట్రుక వెంట్రుకా కనిపించేంత సూక్ష్మత సాధ్యం. కళ్లు, ముక్కు తడి, మీసాలు బాగా వస్తాయి. రంగు ఉండదు కనుక, రంగే గుర్తయిన జీవులకు ఇది చాలదు. బొగ్గుతో గీసే బొమ్మలకు నలుపులో లోతు ఎక్కువ. నల్లకుక్కలు, నల్లపిల్లులు దీనిలో నిండుగా వస్తాయి. కానీ చెయ్యి తగిలితే చెదురుతుంది కాబట్టి గీశాక ఫిక్సేటివ్ చల్లి, అద్దం వేసి తీరాలి.

రంగు పెన్సిళ్లతో సూక్ష్మత, రంగు రెండూ దొరుకుతాయి. పొర మీద పొరగా వేయాలి కనుక రోజులు పడతాయి. నీటిరంగులు మెత్తని వెలుగునిస్తాయి. తెల్లని, లేత గోధుమరంగు జీవులకు బాగుంటాయి. ఒకసారి వేసింది చెరపడం కష్టం కాబట్టి మార్పులు అడిగే వీలు తక్కువ. అక్రిలిక్, ఆయిల్ రంగులు పెద్ద సైజు బొమ్మలకు తగినవి. ఆయిల్ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది. గడువు దగ్గరగా ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే మేలు.

కలంకారీలో చేయించాలంటే

శ్రీకాళహస్తి కలంకారీ అచ్చులతో అద్దేది కాదు, కలంతో గీసేది. 2005–06లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 1950ల చివర్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలిసి, అంతరించిపోతున్న ఈ కళకు మళ్లీ ఊపిరి వచ్చింది. ఇక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది.

కలంకారీలో బొమ్మ కోరేవారు దాని పనితీరు తెలుసుకుంటే ఆశ ఎక్కడ పెట్టుకోవాలో తెలుస్తుంది. ముతక నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. ఆరిన గుడ్డ మీద చింతపుల్లను కాల్చిన బొగ్గుతో గీతలు వేసుకుంటారు. ఆ తరవాత వెదురుపుల్లకు చివర ఉన్ని చుట్టి దారంతో బిగించిన కలాన్ని కసిమిలో ముంచి, ఉన్నిని వేళ్లతో సుతారంగా నొక్కుతూ నల్లగీత లాగుతారు. కసిమి అంటే ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టిన ద్రవం. కలం నుంచి దిగినప్పుడు పలుచగా ఉన్న గీత, గుడ్డలో ఉన్న కరక్కాయ తగిలి చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ నలుపు ఇక పోదు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, మంజిష్ఠ వంటి చెట్టు దినుసులతో ఉడకబెడతారు. పసుపురంగు కరక్కాయ పువ్వు నుంచి, నీలం నీలిమందు నుంచి వస్తుంది. మధ్యమధ్య పారే నీటిలో జాడించి ఎండలో ఆరేస్తారు.

ఈ పద్ధతిని బట్టి చేయించుకునేవారికి మూడు సంగతులు తేలుతాయి. ఒకటి, ఇందులో వెంట్రుకల నునుపు, కంటిలో మెరుపు ఫొటోలో ఉన్నట్టు రావు. ఆకారం, చూపు, మచ్చల అమరిక గీతల్లో పలుకుతాయి. రెండు, ఫొటోలోని ప్రతి ఛాయా దొరకదు. నలుపు, ఎరుపు, పసుపు, నీలం, వాటి కలయికల్లోనే రంగు ఒదగాలి. మూడు, మార్పులు చెప్పాలంటే బొగ్గుగీతల దశలోనే చెప్పాలి. బొగ్గును దులిపేయవచ్చు, కసిమి పడ్డాక సవరణకు తావుండదు. ఎర్రటి ఆవు, నల్లమచ్చల కుక్క, కొమ్ముల ఎద్దు వంటివి ఈ కళలో చక్కగా ఒదుగుతాయి. బూడిదరంగు పిల్లి ముఖం అచ్చుగుద్దినట్టు రావాలనుకునేవారు పెన్సిలు ఎంచుకోవాలి.

ఎవరికి అప్పగించాలి

మనుషుల బొమ్మలు బాగా వేసేవారందరూ జంతువుల బొమ్మలు అంతే బాగా వేస్తారని చెప్పలేం. జుత్తు పెరిగే దిక్కు, చెవి మొదలు, ముట్టె ఎముక నిర్మాణం తెలిసి ఉండాలి. అందుకే చిత్రకారుడు ఇంతకుముందు వేసిన జంతువుల బొమ్మలు కనీసం నాలుగైదు చూడాలి. వీలైతే వాటికి ఆధారమైన ఫొటోలను పక్కన పెట్టి చూపమని అడగాలి. బొమ్మ అందంగా ఉందా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ ఫొటోలోని జీవే ఈ బొమ్మలో ఉందా అని చూసుకోవాలి. ఏ కుక్కను గీసినా ఒకే ముఖం వస్తోందంటే, ఆ చిత్రకారుడు కుక్కను గీస్తున్నాడు, మన కుక్కను గీయడు.

కలంకారీకి శ్రీకాళహస్తిలో కళాకారుల ఇళ్లకే వెళ్లి మాట్లాడుకోవచ్చు. తిరుపతిలో తితిదే నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో కలంకారీ, సంప్రదాయ చిత్రలేఖనం కూడా నేర్పుతారు; అక్కడ చదివినవారి వివరాలు అడిగి తెలుసుకోవచ్చు. ప్రభుత్వ హస్తకళల సంస్థ నడిపే లేపాక్షి దుకాణాల్లో ఏ పని ఏ స్థాయిలో ఉంటుందో చూసి కన్ను అలవాటు చేసుకోవచ్చు.

ఫొటోకు కంప్యూటరులో ఫిల్టరు వేసి, ముద్రించి, చేత్తో గీసిందని అమ్మేవారూ ఉన్నారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. కాగితాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే పెన్సిలు గీతలు ఉన్నచోట సన్నని మెరుపు, ఒత్తిడి జాడలు కనిపిస్తాయి. భూతద్దంలో చూస్తే ముద్రణలో చుక్కలు, గీతలో పొరలు తెలుస్తాయి. పని జరుగుతుండగా రెండు మూడు దశల ఫొటోలు పంపమని ముందే మాట తీసుకుంటే అనుమానానికే చోటుండదు.

ఫొటోలు తీయడం

పోలిక కుదిరేది చాలావరకు ఇక్కడే. ఒక్క ఫొటో చాలదు. భంగిమకు ఒకటి, రంగుకు ఒకటి, మచ్చలకు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, కళ్లకు దగ్గరగా ఒకటి కావాలి.

ఫొటో తీసేవారు నిలబడి కిందికి చూస్తూ తీస్తే తల పెద్దదిగా, కాళ్లు పొట్టిగా పడతాయి. నేల మీద కూర్చుని, ఫోనును జీవి కళ్ల ఎత్తులో పట్టుకోవాలి. మరీ దగ్గరికి పోయి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. రెండు మీటర్ల దూరం నుంచి, ఫోనులో రెండింతల జూమ్ పెట్టి తీస్తే ముఖం అసలు కొలతల్లో పడుతుంది.

వెలుగు సంగతి ఇంకా ముఖ్యం. సీమ ఎండలో మధ్యాహ్నం తీస్తే కనుగుంతల్లో నీడ పడి కళ్లు కనిపించవు. పొద్దున్నే గానీ, సాయంత్రం నాలుగున్నర దాటాక గానీ, వరండా నీడలో వెలుగుకు ఎదురుగా కూర్చోబెట్టి తీయాలి. ఫ్లాష్ వాడకూడదు. కుక్క, పిల్లి, ఆవు కళ్లలో రెటీనా వెనుక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. ఫ్లాష్ పడితే ఆ పొర మెరిసి కన్ను పచ్చగానో పసుపుగానో వస్తుంది. కంటి అసలు రంగు ఆ ఫొటోలో ఉండదు. నీడలో ఆకాశపు వెలుగుతో తీసిన ఫొటోలో మాత్రం కనుపాప పైన చిన్న తెల్లటి చుక్క పడుతుంది. బొమ్మలో కంటికి ప్రాణం వచ్చేది ఆ చుక్కతోనే. అది ఏ వైపున, ఎంత ఉందో ఫొటోలో కనిపించకపోతే చిత్రకారుడు ఊహించి వేయాల్సి వస్తుంది.

నల్లజీవులతో ఇంకో చిక్కు. ఫోను నలుపునంతా ఒకే ముద్దగా తీస్తుంది. మెడ ఎక్కడ మొదలైందో, చెవి ఎక్కడ ముగిసిందో తెలియదు. తెర మీద జీవి ముఖాన్ని తాకి, వెలుతురు గుర్తును కాస్త పైకి జరిపి తీస్తే జుత్తు పొరలు విడిగా కనిపిస్తాయి. తెల్లజీవులకు దీనికి వ్యతిరేకంగా, కాస్త కిందికి జరపాలి.

తీసిన ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి వివరాలు పోతాయి. ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. పెద్దది చేసి చూసినప్పుడు కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే ఫొటో పనికొస్తుంది.

ఏర్పేడు మండలంలో ఐఐటీ, ఐసర్ వచ్చాక దూరప్రాంతాల నుంచి వచ్చి ఉంటున్నవారు చాలామంది ఉన్నారు. పెంచిన జీవి సొంత ఊళ్లోనే ఉన్నవారు ఇక్కడి సూచనలన్నీ ఇంట్లోవాళ్లకు ఫోనులో చెప్పి తీయించుకోవచ్చు. వీడియో తీయించుకుంటే జీవి నడక, తల తిప్పే తీరు కూడా చిత్రకారుడికి అందుతాయి.

పోయిన జీవి బొమ్మ

ఇక కొత్త ఫొటోకు అవకాశం లేనప్పుడు ఉన్నవాటినే జల్లెడ పట్టాలి. ఇంటిల్లిపాది ఫోన్లు, పాత కంప్యూటర్లు, బంధువుల దగ్గరున్న పెళ్లి ఆల్బంలు, పండగ ఫొటోలు వెతకాలి. వెనకాల ఎక్కడో నడుస్తూ పడిన ఫొటోలో కూడా తోక తీరో, మచ్చ ఆకారమో దొరకవచ్చు. ఒక ఫొటో నుంచి భంగిమ, మరోదాని నుంచి రంగు, ఇంకోదాని నుంచి చెవులు తీసుకుని కలిపి గీయడం అనుభవం ఉన్నవారికి సాధ్యమే. ఏ ఫొటో నుంచి ఏది తీసుకోవాలో కాగితం మీద రాసి ఇవ్వాలి. ఫొటోలు వేర్వేరు వయసుల్లో తీసినవైతే, ఏ వయసు రూపం కావాలో ముందే నిర్ణయించుకోవాలి. మూతి నెరిసిన ముసలి కుక్కనా, ఉరకలు వేసిన పడుచు కుక్కనా అన్నది ఇంటివాళ్లంతా కూర్చుని మాట్లాడుకుని తేల్చవలసిన మాట. ఒకరి జ్ఞాపకంలో ఒక వయసు, మరొకరి జ్ఞాపకంలో ఇంకో వయసు ఉండవచ్చు. దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు తొందరపడి అప్పగించకుండా, ఫొటోలు మాత్రం భద్రపరిచి కొన్నాళ్లు ఆగడం మంచిది.

అప్పగింత కాగితం

నోటిమాటగా చెప్పింది మరిచిపోవడం సహజం. ఒక పేజీలో రాసి ఫొటోలతో పాటు ఇవ్వాలి. అది ఇలా ఉండవచ్చు:

‘నమస్కారమండీ. మా కుక్క పేరు కరియ. నాటుకుక్క, ఆరేళ్లది. బొమ్మ ఏ4 సైజులో, పెన్సిలుతో, మెడ వరకు కావాలి. భంగిమకు 1వ ఫొటో చూడండి. కళ్లకు 3వ ఫొటో చూడండి. కళ్లు తేనెరంగు, ఎడమకన్ను కొద్దిగా చిన్నది. కుడి చెవి కొస ఎప్పుడూ వంగి ఉంటుంది, నిలబెట్టొద్దండి. ముక్కు మీద పాత గాటు ఒకటుంది, అది ఉండాలి. మెడలో ఎర్రతాడు ఉండాలి, 1వ ఫొటోలో ఉన్న గొలుసు వద్దు. వెనుక ఏమీ అక్కర్లేదు. సంక్రాంతికి వారం ముందు చేరితే చాలు.’

ఈ కాగితంలో ముఖ్యమైన మాట ‘నిలబెట్టొద్దండి’ అన్నది. చిత్రకారుడు తన అలవాటు కొద్దీ సరిదిద్దే అవకాశం ఉన్నవాటిని ముందే పట్టి చెప్పాలి. గాటు, వంకర పన్ను, ఊడిన వెంట్రుకలు, చిరిగిన చెవి వంటివి పరాయివారికి లోపాలుగా కనిపిస్తాయి. పెంచినవారికి అవే ఆనవాళ్లు. ఉంచాలో తీసేయాలో స్పష్టంగా రాయాలి. 1621లో మొఘల్ చక్రవర్తి జహంగీరు కొలువుకు వచ్చిన జీబ్రాను ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ గీసినప్పుడు చారల అమరికను శ్రద్ధగా చూసి వేశాడు. నాలుగు వందల ఏళ్ల తరవాత కూడా అది ఒక జాతి నమూనాగా మిగలక, ఒకానొక జీబ్రాగా కనిపించడానికి ఆ శ్రద్ధే కారణం.

ధర, గడువు, హక్కులు

ధర సైజును, దేనితో గీస్తున్నారన్నదాన్ని, జీవుల సంఖ్యను, వెనుక దృశ్యాన్ని బట్టి ఉంటుంది. ఒకే సైజులో రెండు జీవులంటే పని దాదాపు రెట్టింపు. బేరం ఆడదలిస్తే సైజు తగ్గించమనో, వెనుక దృశ్యం వద్దనో అడగాలి. పనిరోజులు తగ్గించమంటే తగ్గేది బొమ్మే. ఫ్రేము, పార్సిలు ఖర్చు ధరలో కలిసి ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

అడ్వాన్సు ఇవ్వడం న్యాయమైన పద్ధతి. ఎంత ఇచ్చారు, మిగతాది ఎప్పుడు, రఫ్ స్కెచ్ ఎప్పుడు చూపిస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఏ కారణం వల్లనైనా పని ఆగితే అడ్వాన్సు సంగతేమిటి అన్నవి వాట్సాప్ సందేశంగానైనా రాతలో ఉండాలి.

హక్కుల విషయం చాలామందికి తెలియదు. 1957 కాపీరైటు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, ఒకరు డబ్బు చెల్లించి కోరి వేయించుకున్న పెయింటింగుకు గానీ పోర్ట్రెయిట్‌కు గానీ, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే కాపీరైటుకు తొలి హక్కుదారులు. అయినా గీసినవారిగా గుర్తింపు పొందే హక్కు, తన పనిని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షను కింద చిత్రకారుడికే ఉంటాయి. అందువల్ల సంతకాన్ని చెరిపేయడం, కత్తిరించడం తగదు. బొమ్మను చిత్రకారుడు తన నమూనాల్లో చూపుకోవచ్చా, కార్డులుగా అచ్చేసుకోవచ్చా అన్నది ముందే మాట్లాడుకుంటే తరవాత మనస్పర్థ రాదు. ఆధారమైన ఫొటో డబ్బిచ్చి తీయించుకున్నది కాకుండా వేరొకరు సొంతంగా తీసిందైతే వారి అనుమతి కూడా తీసుకోవాలి.

రఫ్ స్కెచ్ చూడటం

స్కెచ్ వచ్చినప్పుడు జుత్తు, నీడలు చూడకూడదు. అవి ఇంకా వేయలేదు. కొలతలు చూడాలి. కళ్ల మధ్య దూరం, కంటి నుంచి ముక్కు వరకు దూరం, చెవి మొదలు కంటికి ఎంత పైన ఉంది అన్నవి ఫొటోతో పోల్చాలి. స్కెచ్‌ను తలకిందులుగా తిప్పి చూస్తే తేడాలు తేలిగ్గా దొరుకుతాయి, ఎందుకంటే అప్పుడు కన్ను ముఖాన్ని వదిలి ఆకారాన్ని చూస్తుంది. ఇంట్లో మరొకరికి ఏమీ చెప్పకుండా చూపించి, ఎవరిదని అడగడం ఇంకో పరీక్ష.

అభిప్రాయం చెప్పేటప్పుడు ‘ఏదో తేడాగా ఉందండీ’ అంటే చిత్రకారుడికి దారి దొరకదు. ‘ముట్టె కొంచెం పొడవైంది, 2వ ఫొటో చూడండి’ అంటే దొరుకుతుంది. మార్పులన్నీ ఒకేసారి రాసి పంపాలి. ఒకసారి సరేనన్నాక, రంగు పడ్డాక భంగిమ మార్చమనడం అన్యాయం.

అందుకున్నాక

కాగితం మీది బొమ్మకు ఆమ్లం లేని మౌంట్ బోర్డు వేసి, అద్దానికీ బొమ్మకూ మధ్య ఖాళీ ఉండేలా ఫ్రేము కట్టించాలి. బొమ్మ అద్దానికి అంటుకుంటే వానాకాలం చెమ్మకు కాగితం బూజు పడుతుంది. ఎండ నేరుగా పడే గోడ, వంటింటి పక్క గోడ, బయటి చెమ్మ ఊరే గోడ మంచివి కావు. ఫ్రేము వెనుక చెదలు, వెండిచేపల పురుగులు చేరకుండా కాగితపు టేపుతో మూసి, ఏడాదికోసారి దించి చూసుకోవాలి.

కలంకారీ గుడ్డను మడతపెడితే గీతల మీదే నలుగుతుంది. గొట్టానికి చుట్టి దాచాలి, లేదా చట్రానికి బిగించి వేలాడదీయాలి. చెట్టు రంగులు కాబట్టి ఎండ తగలకుండా చూడాలి. ఉతకవలసి వస్తే విడిగా, చన్నీళ్లలో, గాఢమైన సబ్బు లేకుండా జాడించి నీడన ఆరేయాలి.

చివరగా, బొమ్మ వెనుక జీవి పేరు, గీసినవారి పేరు, సంవత్సరం పెన్సిలుతో రాయాలి. అప్పగింత కాగితాన్ని, అసలు ఫొటోలను ఒక కవరులో పెట్టి ఫ్రేముతో పాటే భద్రపరచాలి. బొమ్మ ఎప్పుడైనా పాడైతే బాగుచేసేవారికి అవి ఆధారమవుతాయి. ఆ జీవిని ఎన్నడూ చూడని తరవాతి తరానికి కూడా అది ఎవరో, ఎలా ఉండేదో వాటివల్లే తెలుస్తుంది.